గజం మీద రెండు గీతలు

మాది డోర్నకల్లు అని చెప్పగానే ఎదుటివారు రెండు ప్రశ్నలలో ఒకటి వేస్తారు. కాజీపేట నుంచి బెజవాడ పోయే దారిలో బొగ్గు లైను చీలే జంక్షను అదేనా అన్నది ఒకటి. బిషప్ అజరయ్య కట్టించిన పెద్ద చర్చి ఉన్న ఊరేనా అన్నది రెండోది. రెండూ అదే. 1912లో ఆంగ్లికన్ సంఘానికి బిషప్పయిన తొలి భారతీయుడు అజరయ్య. 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగిన ఆ ఎపిఫనీ కెథీడ్రల్ గురించి రాయవలసింది చాలా ఉన్నది, అది మరోసారి. ఈసారి రాయదలచింది మా నాయనమ్మ పొయ్యి పక్కన పడి ఉండిన ఒక ఇనుప చువ్వ సంగతి.

దాన్ని గుర్తుకు తెచ్చినవాడు మా బావ. ఆయన తండ్రిగారి పేర లైసెన్సు మీద .32 బోరు పాత విదేశీ పిస్టలు ఒకటి ఉండేది. పెద్దాయన పోయిన తరువాత కాగితాలన్నీ నడిచి వారసత్వంగా అది బావ పేరుకు మారింది. మారిన నాటి నుంచి బీరువాలోనే ఉన్నది. ఒకనాటి సాయంత్రం నేను వెళ్ళేసరికి మంచం మీద పాత దినపత్రిక పరిచి, దాని మీద పిస్టలును ముక్కలుగా పెట్టుకొని కూర్చున్నాడు. ముఖాన చెమట.

"శుభ్రం చేద్దామని విప్పిన. ఇప్పుడు కూడుతలేదు. స్ప్రింగు ఎగిరి బీరువ కిందికి వోయింది. మీ తాత ఇంట్ల తుపాకి ఉండె గద, నీకేమన్న తెలుసా?"

"తాతకు తెలిస్తే మనుమనికి తెలుస్తదా బావా! ముందుగాల ఇది చెప్పు, విప్పేముందు ఖాళీ ఉన్నదా లేదా చూసినవా?"

"మ్యాగజైను తీసిన గద."

"గొట్టంల?"

బావ మాట్లాడలేదు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నది. ఆమె కూడా మాట్లాడలేదు. అదృష్టం, గొట్టంలో ఏమీ లేదు. ఏమీ లేదని ఆయనకు తెలిసింది మాత్రం విప్పిన తరువాతనే.

ఇక ఆ చువ్వ. సుమారు రెండు మూరల పొడవు, చిటికెనవేలి మందం. ఒక కొన గుండీలాగా కాస్త వెడల్పు, రెండో కొనకు పేలిక దూర్చే సందు. నాయనమ్మ దానితో కట్టెలు పొయ్యిలోకి తోసేది, మక్కకంకులు కాల్చేది. నడిమికి పైన ఆకురాయితో గీసిన రెండు గీతలుండేవి; వాటి మధ్య నాలుగు వేళ్ళ ఎడం. చిన్ననాట ఆ గీతలెందుకని అడిగితే, "ఒకటి ఉత్తదానికి, ఒకటి నిండుదానికి" అన్నది. ఆ మాట అప్పుడు నాకర్థం కాలేదు. అది తుపాకీ గజమని ఎంతో కాలానికి గాని తెలియలేదు.

గజమంటే మనకు మూడడుగుల కొలత. మూతి నుంచి మందు దట్టించే తుపాకులకు ఉండే చువ్వనూ గజమనే అనేవారు. మన తుపాకీ పదకోశం ముచ్చటైనది. 'తుపాకి' తుర్కీ మూలం నుంచి వచ్చింది. చకుముకి రాయిని గానీ టోపీని గానీ కొట్టే భాగం 'గుర్రం'. వేలితో నొక్కేది 'మీట', భుజానికి ఆనించేది 'మడమ'. మూతి నుంచి నింపేది గనుక ఉర్దూ దారిన 'భర్మారు'. ఊళ్ళో నాటు తుపాకి అంటే అదే.

భర్మారును నింపే పద్ధతి తెలిస్తే గీతల మర్మం విడుతుంది. మూతిలోంచి మందు పోసి, పీచో పేలికో కుక్కి, గుండో రవ్వలో వేసి, మళ్ళీ పేలిక కుక్కి గజంతో దట్టిస్తారు. గొట్టం వెనుక ఉన్న చిన్న ఇనుప మొన మీద టోపీ పెడతారు. గుర్రం టోపీని కొడితే నిప్పు లోపలికి పోయి మందు అంటుకుంటుంది. ఇంత జరిగినా బయటికి చూస్తే నిండిన తుపాకీ, ఖాళీ తుపాకీ ఒక్కతీరుగానే ఉంటాయి. మూతిలోకి తొంగి చూసి తేల్చుకోబోయినవాడు రెండోసారి చూడడానికి మిగలకపోవచ్చు. గజాన్ని లోపలికి జారవిడిస్తే మాత్రం అది నిజం చెబుతుంది. గొట్టం ఖాళీదైతే అడుగు దాకా పోయి, కింది నుంచి చూస్తే రెండోదైన పైగీత మూతి దగ్గర ఆగుతుంది. మందూ గుండూ ఉంటే వాటి మందం మేర గజం పైకి నిలిచి, కిందిగీత దగ్గరే ఆగిపోతుంది. ఆ నాలుగు వేళ్ళ ఎడమే ఒక దట్టింపు. చదువురాని మనిషి కూడా దీన్ని చదవగలడు. చీకట్లో గోటితో తడిమి చదవగలడు.

ఇది మా తాత తెలివి అనుకోకండి. మూతి నుంచి నింపే తుపాకులున్న ప్రతి దేశంలోనూ ఉన్న ఉపాయమే. దాన్ని మరిస్తే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా అంతర్యుద్ధంలోని ఒక లెక్క చాలు. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో పడి ఉన్న తుపాకులను ఏరితే 27 వేలకు పైగా తేలాయి. అందులో సుమారు 24 వేలు నింపి ఉన్నవే. వాటిలో సగం దాకా ఒకదాని మీద మరొకటిగా రెండు దట్టింపులు, కొన్నింటిలో అంతకంటె ఎక్కువ. ఆ గందరగోళంలో పేలిందో పేలలేదో తెలియక, పేలిందనుకొని మళ్ళీ నింపారన్నమాట. కవాతు నేర్చిన సైనికులే అలా చేశారు.

నింపడం ఒక యెత్తు, కడగడం మరొక యెత్తు. నల్లమందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు. ఇది కాలినప్పుడు పూర్తిగా పొగై పోదు. బరువులో సగానికి పైగా మసిగా, లవణాలుగా గొట్టంలోనే మిగిలిపోతుంది. ఆ మసి ఉప్పులాగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పీల్చుకొని ఇనుమును తింటుంది. వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు. దీనికి నూనె మందు కాదు. మసి మీద నూనె పూస్తే మసి అడుగున అలాగే ఉంటుంది, తుప్పు దాని పని అది చేసుకుపోతుంది. ముందు నీళ్ళు కావాలి, అదీ సలసల కాగే నీళ్ళు. లవణాలు నీళ్ళలో కరుగుతాయి, వేడికి గొట్టం తనంత తానే ఆరుతుంది. గజం సందులో పేలిక దూర్చి, అది తెల్లగా వచ్చేదాకా తోమి, అప్పుడు నూనె రాయాలి. కడిగిన నీళ్ళు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తాయి. అది గంధకం చేసే పని.

తోమడం కష్టమైనచోట జిడ్డు పూసిన తూటా వాడారు. ఆ జిడ్డే మన దేశ చరిత్రలో ఎంత పని చేసిందో అందరికీ తెలుసు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టంలో మరలు తిరిగిన గాళ్ళుంటాయి, గుండు బిగుతుగా పోవాలి, మసి పేరుకుంటే పోదు. అందుకని తూటా కాగితానికి కొవ్వు రాశారు. ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న అనుమానం 1857 మే 10న మీరట్‌లో భగ్గుమన్నది. జూలై 17న మన హైదరాబాదులో తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించేదాకా వచ్చింది. తిరుగుబాటుకు కారణాలు వేరే చాలా ఉన్నాయి. నిప్పురవ్వ మాత్రం గొట్టంలోని మసి వల్ల పుట్టింది. చరిత్ర పుస్తకాలు కొవ్వు మతవిషయం చెప్పి ఆగిపోతాయి. అసలా కొవ్వు అక్కడికెందుకు వచ్చిందో చెప్పవు. బడిలో నాకు ఆ ప్రశ్నే తోచలేదు.

తరువాత 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. బ్రిటిషు ఇండియాలో లైసెన్సు లేనిదే తుపాకీ పట్టరాదన్నారు; యూరోపియనులకు మాత్రం మినహాయింపు. దీనివల్ల మూడు తరాల సామాన్యులకు తుపాకీ దూరమైంది. దానితోపాటు దాన్ని ఎలా చూసుకోవాలన్న ఎరుకా దూరమైంది. ఈ రెండో నష్టాన్ని ఎవరూ లెక్కవేసినట్టు లేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరుసగా మూడు రోజులలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను పట్టినప్పుడు 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చేజిక్కాయి. ఠాణా డైరీలో తాను తీసుకున్నవాటి లెక్క రాసి సంతకం పెట్టివచ్చాడు. ఆ సంతకం గురించి పాడనివారు లేరు. విల్లంబులు మాత్రమే తెలిసిన మన్యం మనుషులు ఆ 26 తుపాకులను ఏజెన్సీ వానల్లో 1924 దాకా ఎలా కాపాడుకున్నారన్నది నాకు అంతకంటె పెద్ద కథగా కనిపిస్తుంది.

మా వైపు కథ మరో ఇరవై ఏళ్ళకు మొదలైంది. నైజాం ఇలాకాలో తుపాకి అంటే దొర గడిలో గోడకు వేలాడేది. వేటకు తీసేది, బెదిరించడానికి చూపేది. రైతు చేతిలో ఉండేవి గుతప, వడిసెల. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగిన నాడు ఊరేగింపు చేతిలో ఉన్నవి అవే. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. గడుల మీద దాడులు జరిగి దొరల వేట తుపాకులు, భర్మార్లు చేతులు మారాయి. తరువాత నిజాం పోలీసుల, సైనికుల .303 రైఫిళ్ళు కొన్ని వచ్చి చేరాయి. ఊరిదళాలలో పదివేల మంది, గెరిల్లా దళాలలో రెండువేల మంది ఉండేవారని సుందరయ్యగారి లెక్క. తుపాకులు అందరికీ చాలినన్ని లేవు. ఉన్నవాటిలోనూ ఒక్కొక్కటి ఒక్కో జాతి, ఒక్కో బోరు.

ఇక్కడ డోర్నకల్లు భూగోళం కొంచెం చెప్పాలి. 1889 నాటికి నిజాం రైలు మా ఊరి మీదుగా బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు కోసం ఇల్లెందు వైపు లైను ఇక్కడే చీలింది. ఒక పక్క పట్టాలు, పోలీసులు. ఇంకో పక్క గార్ల, ఇల్లెందు, గుండాల దాకా పరచుకున్న అడవి. అప్పటికి ఖమ్మం జిల్లా లేదు. 1953 దాకా అదంతా వరంగల్లు జిల్లాయే. రైలెక్కి మధిర, ఎర్రుపాలెం దాటితే మద్రాసు రాష్ట్రం. ఈ సరిహద్దుల నడుమ తిరిగిన దళాలకు 1948 సెప్టెంబరు 13 తరువాత ఎదురుగా వచ్చింది భారత సైన్యం. నిజాం అయిదు రోజులలో లొంగిపోయాడు. దళాలు మాత్రం అడవి పట్టి, 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా మరో మూడు వర్షాకాలాలు గడిపాయి.

నేను పదేపదే వర్షాకాలమే తలుచుకోవడానికి కారణం ఉన్నది. భర్మారు కడగాలంటే కాగిన నీళ్ళు కావాలన్నాను గదా. వాన కురిసే అడవిలో నీళ్ళు కాచాలంటే తడికట్టెలు రాజేయాలి. తడికట్టె అంటే పొగ, పొగ అంటే ఆచూకీ. కడిగితే జాడ తెలుస్తుంది, కడగకపోతే తుపాకీ పోతుంది. ఈ తకరారును ఒక్కో దళం ఒక్కో రాత్రి ఎలా తీర్చుకున్నదో ఊహించవలసిందే. పోరాటంలో పాల్గొన్న దాశరథి రంగాచార్యగారు మా పక్క చిన్నగూడూరు మనిషి. ఆ కాలాన్ని 'మోదుగుపూలు' నవలగా రాశారు. వారి అన్నగారు కృష్ణమాచార్యులు నిజామాబాదు జైలుగోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. తుపాకీమందులో మూడోవంతు పేరు ఆ బొగ్గుదే అని నాకప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది.

.303 వచ్చినా బాధ తీరలేదు, రూపం మారింది. దాని మందు పొగలేనిది, మసి తక్కువ. అయితే ఆ కాలపు తూటాల అడుగున ఉండే టోపీలో పొటాషియం క్లోరేటు ఉండేది. అది కాలితే మిగిలేది ఉప్పుకు తోబుట్టువు. దానికీ విరుగుడు కాగిన నీళ్ళే. బ్రిటిషు సైన్యం కాల్పుల తరువాత గరాటుతో గొట్టంలో మరుగునీళ్ళు పోయించేది. రైఫిలు మడమలో ఇత్తడి మూత తీస్తే చిన్న నూనె సీసా, కొనకు ఇత్తడి బరువు కట్టిన తాడు ఉండేవి. తాడుకు గుడ్డపేలిక తగిలించి వెనుక నుంచి ముందుకు లాగాలి. పట్టుకున్న రైఫిలు మడమలో ఆ సీసా, తాడు ఉన్నాయా లేవా అన్నది తూటాలున్నాయా అన్నంత ముఖ్యం.

విప్పడంలో కూడా .303కు ఒక మెలిక ఉన్నది. దాని బోల్టు తేలికగా ఊడివస్తుంది. నాలుగు రైఫిళ్ళ బోల్టులు ఒకేచోట పెట్టి తుడిస్తే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. కాని ఏ బోల్టు ఆ రైఫిలుకే కొలిచి అమర్చింది. మారితే తూటా వెనుక సందు ఎక్కువై పేలినప్పుడు తూటాకోశం చిట్లవచ్చు. అది కాల్చేవాడి కంటికి ఎంతో దూరంలో ఉండదు. అందుకే బోల్టు మీదా, రైఫిలు మీదా ఒకే అంకె కొట్టి ఉంటుంది. అంకెలు తెలియనివాళ్ళు ఉన్న దళంలో ఇది ఎవరో ఒకరు నేర్పవలసిన పాఠం. పోరాటంలో చదువు నేర్చిన వాళ్ళున్నారని వింటాం. వారిలో కొందరి తొలి వాచకం ఆ బోల్టే అయి ఉండవచ్చునని నా ఊహ. ఊహగానే తీసుకోండి.

నూనె సంగతి. ఊళ్ళో దొరికేవి నువ్వుల నూనె, ఆముదం. నువ్వుల నూనె కొన్నాళ్ళకు చిక్కబడి బంకగా మారుతుంది. గుర్రం, మీట బిగుసుకుంటాయి. ఆముదం అంత తొందరగా ఆరదు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల ఇంజనులకు పోసింది ఆముదమే. మన పల్లెల్లో దీపానికీ, తలకూ, బండి ఇరుసుకూ పనికొచ్చిన వస్తువు ఐరోపా ఆకాశంలో ఎగిరి వచ్చింది.

మళ్ళీ బావ మంచం దగ్గరికి. స్ప్రింగును చీపురుపుల్లతో తీశాము. అది ఎందుకు కూడలేదో కొంతసేపటికి తెలిసింది. ఈ తరహా పిస్టలులో గొట్టం చట్రానికి బిగించే ఉంటుంది, స్ప్రింగు గొట్టం చుట్టూ తొడుగులాగా ఉంటుంది. 1929లో జర్మనీలో వెలువడిన వాల్టర్ పీపీ ఈ కట్టడానికి పేరుపడ్డ ఉదాహరణ. స్ప్రింగుకు ఒక కొన కాస్త ఇరుకు. ఆ కొననే ముందుగా గొట్టానికి ఎక్కించాలి. బావ తిప్పి ఎక్కించాడు. అది నిలవక ఎగిరింది. సరిగా ఎక్కించి, పైన స్లైడు తొడిగి, వెనక్కి లాగి కిందికి దించి వదిలితే దానంతట అదే కూర్చున్నది. విప్పిన వరుసకు ఎదురు వరుసలో కూడాలి, అంతే.

విప్పే వరుసలో మాత్రం మొదటి రెండు మెట్లు తారుమారు కాకూడదు. ముందు మ్యాగజైను తీయాలి. తరువాత స్లైడు వెనక్కి లాగి గొట్టంలోకి కంటితో చూడాలి, వీలైతే వేలితో తడమాలి. మ్యాగజైను ఉంచి స్లైడు లాగితే లోపలి తూటా బయటపడుతుంది. కళ్ళెదుట పడింది గనుక ఖాళీ అయిందనుకుంటాం. వదిలిన క్షణంలో మ్యాగజైనులోని మరో తూటా లోపలికి ఎక్కి కూర్చుంటుంది. మ్యాగజైను తీసి గొట్టం చూడకపోతే బావ చేసిన పని అవుతుంది. తూటాలు అదే గదిలో ఉండగా తుపాకీ శుభ్రం చేయరాదన్నది కూడా పాత నియమమే. బావ మంచం మీద తలగడ పక్కనే డబ్బా ఉన్నది. అక్క వచ్చి తీసుకుపోయింది.

ఈనాటి తూటాలకు మరుగునీళ్ళ అవసరం లేదు. పేలికతో తుడిచి, పలచని నూనె నాలుగు చుక్కలు చాలు. బావ అరసీసా పోశాడు. ఎక్కువ నూనె దుమ్మును పట్టుకుంటుంది, కారి తూటా టోపీలోకి చేరితే అవసరానికి పేలదు. మిగతాది తుడిపించేసరికి రాత్రి తొమ్మిదయింది. ఆ తరువాత కూడా, లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గరికి తీసుకుపోయి ఒకసారి చూపించి తెమ్మన్నాను. నా విద్య పుస్తకాల విద్య.

తాత తుపాకీ ఏమైందో మా ఇంట్లో ముగ్గురు మూడు తీర్లుగా చెప్పేవారు. పటేలు మక్కచేను కాపలాకిచ్చి మళ్ళీ తీసుకున్నాడని పెద్దనాయన. సంఘపోళ్ళకు ఇచ్చినారని మేనత్త. బాయిలో వేసినారని నాయన. నాయనమ్మ ఏదీ అవుననలేదు, ఏదీ కాదనలేదు. ఏ తీరుగా పోయినా గజం ఇంట్లోనే ఎందుకు మిగిలిందన్నది నేనడిగిన ప్రశ్న. "పొయ్యికి కావాలె గద" అన్నది.

ఇల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు ఆ చువ్వ పాత ఇనుములో పోయిందనే అనుకున్నాను. మొన్న చిన్నాయన ఇంటి దొడ్లో బీరపాదుకు ఊతంగా పాతిన కట్టెల మధ్య అది కనిపించింది. తుప్పు తట్టు కట్టింది. వేలితో తడిమితే పైగీత దొరికింది. కిందిది మట్టిలో ఉన్నది. పాదు కాపు మీద ఉన్నది గనుక పీకలేదు.